జొన్నాడ మలుపు దగ్గర

ఒక్కో ఫొటోకి పదిహేను రూపాయలన్నాడు కాంట్రాక్టరు.
ముందు ఒకటి, తర్వాత ఒకటి.
ఇనప రెయిలింగు తియ్యకముందు, తీశాక.
డివైడరు రాళ్లు లేపకముందు, లేపాక.
నూకరత్నం టీ పాక చూరు కొయ్యకముందు,
కోశాక.
రేపెవరైనా నష్టపరిహారం అంటే చూపించుకోడానికి
తేదీ, టైమూ ఎర్ర అంకెల్లో కింద పడాలట.

నేను పెళ్లిళ్లు తీసేవాణ్ణి.
"ఇంకొంచెం దగ్గరికి జరగండి" అనడం తప్ప
నా నోట వేరే మాట రాదు.

తెల్లారగట్ల మూడున్నరకి వచ్చింది.
ఊరంతా కరెంటు తీసేశారు.
పసుపు లైటు తిప్పుకుంటూ జీపు, దాని వెనక లారీ,
లారీ వెనక
నూతి ఒర అంత గుండ్రటి మొదలు.
లోపల ముగ్గురు నిలబడి చుట్ట కాల్చుకోవచ్చు.
తర్వాత తెలుపు.
తర్వాత ఇంకా తెలుపు.
చేతిలో టీ గ్లాసు ఖాళీ అయింది,
ఇంకా తెలుపే.

పైన కూర్చున్న కుర్రాడు
వెదురు గెడతో తీగల్ని ఒక్కొక్కటే ఎత్తుతున్నాడు,
దండెం మీది తడిచీరల్ని పక్కకి తప్పించి
ఇంట్లోకి పిలుస్తున్నట్టు.

అన్నిటికన్నా చివర, నడుచుకుంటూ ఒక మనిషి.
వెనక చక్రాలు తిప్పేది అతనే.
మెడలో రిమోటు పెట్టె,
తీర్థంలో వేరుశెనక్కాయలమ్మేవాడి బుట్టలా.
పేరు బన్వారీ అట. తెలుగు రాదు.
నన్ను చూసి చేత్తో 'జరుగు' అన్నాడు.

జరిగాను.
గట్టు దిగాను. తూటికాడల్లోకి దిగాను.
ఇంకో అడుగైతే కాలవే.
మొదలుంటే కొస లేదు, కొసుంటే మొదలు లేదు.
ఫోను తీసి పనోరమా పట్టాను.
అది కదులుతోంది, నేను తిప్పుతున్నాను,
రెక్క మూరెడైంది,
బన్వారీ ఇద్దరయ్యాడు,
ఒకడికి తల లేదు.

"ఏటండీ ఇది, విమానమా?"
గాలిమర రెక్కండి. అనంతపురం కొండల మీదికి.
"ఏం, మన దగ్గర గాలి లేదేటి?"
అని నవ్వబోయి ఆగింది నూకరత్నం.
వాళ్లది బలుసుతిప్ప.
తొంభైయారు గాలికి పుట్టింట్లో ఎంతమందో
వేళ్లు విప్పి లెక్కపెట్టబోయి
మళ్లీ మూసేసింది.
స్టవ్ మీద పాలు చూసుకుంది.

ఆ మలుపు తిరగడానికి రెండున్నర గంటలు పట్టింది.
జానెడు ముందుకి, బెత్తెడు వెనక్కి.
అరటిగెలల వ్యానులు, స్కూలు బస్సు, పాల బళ్లు,
మండపేట దాకా ఆగిపోయాయన్నారు.
ఎవరూ హారన్ కొట్టలేదు మొదట.
తర్వాత అందరూ కొట్టారు.

బ్రిడ్జి ఎక్కాక నేను ఇసకలోకి పరిగెత్తాను.
గౌతమి మీద అప్పుడే పొద్దు.
అంత దూరాన్నుంచి మొత్తం పట్టింది ఫ్రేములో,
మొదలూ కొసా.
కానీ ఏం లాభం,
కొంగ రాల్చుకున్న ఈకలా ఉంది.
మా ఆవిడకి చూపిస్తే
బ్రిడ్జి బాగా వచ్చిందంది.

కాంట్రాక్టరు నలభైయొక్క ఫొటోలకి డబ్బులిచ్చాడు.
ఈకది వద్దన్నాడు.

నాలుగో రోజు టీకి ఆగాను.
చూరు ఇంకా కట్టలేదు, పైన నీలం పట్టా.
ఎండ గిన్నెల మీద పడుతోంది.
"మొదట తీసేరే, పాక ఉన్నప్పుడు,
అదొకటి నాకియ్యండి," అంది.
ఫోనులో వెతికి చూపించాను.
చూరు కింద వంగి పాలగిన్నె దించుతోంది,
ఫ్లాషుకి కళ్లు మూసుకుపోయాయి.
చాలాసేపు చూసింది.
"ఈ ఎర్ర అంకెలు చెరపగలరా?"

చెరిపితే సాక్ష్యం కిందికి రాదండి, అన్నాను.

"సాక్ష్యం ఆళ్లకండి," అంది,
గ్లాసు కడుగుతూ.